అవతలి చక్రం

పెరటి షెడ్డులో పాత జీపు ముక్కు జాకీ మీద లేచి ఉంది. మామగారు గోనెపట్టా పరుచుకుని ముందు చక్రం పక్కన కూర్చున్నారు. కోడలు స్టీరింగు ముందు కూర్చుంది, ఒక కాలు బయటే పెట్టుకుని.

“రెండు కాళ్ళూ లోపల పెట్టుకోమ్మా. అదేం కరవదు.”

“ఇలాగే బాగుంది మామయ్యా. ఏం నొక్కాలో చెప్పండి, నొక్కేసి పోతాను. పొయ్యి మీద పాలున్నాయి.”

“ముందు హారన్ నొక్కు.”

“అదొద్దు.”

“తీగ సరిచేశాను. ఇంక దానంతటది మోగదు. ఒక్కసారి చూసి…”

“వద్దంటున్నాగా. మొన్న మధ్యాహ్నం అది మోగినప్పుడు పాప అన్నం ముందు నుంచి లేచి ఎంగిలి చేత్తోనే గేటు దాకా పరిగెత్తింది, నాన్నొచ్చాడని. వెనకే నేనూ పరిగెత్తాను.”

“నువ్వూనా?”

“గేటు తీయడానికి కాదు లెండి.”

“మరి?”

“పాపని పట్టుకోడానికి.”

“…సరే. హారన్ వద్దు. తాళం తిప్పు.”

“తిప్పాను. ఎర్ర లైటు వెలిగింది.”

“ఇప్పుడు స్టార్టు చెయ్యి. కొంచెం ఆగి, మళ్ళీ. మళ్ళీ చెయ్యి. అదీ! విన్నావా? ఎన్ని ఆదివారాలు నా నడుం తిందో ఈ ముసలిది.”

“ముసలివాళ్ళ బాధ ముసలివాళ్ళకే తెలుస్తుంది.”

“మెచ్చుకున్నావా, తిట్టావా?”

“ఆపేయనా?”

“ఆపు. ఇంజను బాగానే ఉంది.”

“అయితే ఆ కొనేవాణ్ణి రేపే రమ్మంటాను.”

“రేపా?”

“మాటంటే మాట. ఇంజను కదిలితే పంపించేద్దామన్నది మీరే. నీళ్ళలోంచి తీసి రెండేళ్ళయింది, తలుపు తెరిస్తే ఇంకా చెరువు వాసనే. ఇది ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నాకు కంటి మీద కునుకు లేదు.”

“ముందు చక్రాలు కూడా చూడనీ. వాడు ప్రాణంగా చూసుకున్న బండి, సగం బాగుచేసి పంపితే…”

“ఆయన గురించి వద్దు.”

“నేనేమన్నాను?”

“మీరేమీ అనరు. గోడ మీద ఫోటో తీసేసినప్పుడూ ఏమీ అనలేదు. అత్తయ్య అన్నారు, నేను పడ్డాను. ఆ పొద్దున ఆయన అన్న మాట మీరూ విన్నారుగా. ‘నేనూ ఉండను, దీన్నీ నీకు దక్కనివ్వను’ అని పాపను ఎత్తుకుపోయి బండెక్కించాడు. సాయంత్రానికి గట్టు వాలు మీంచి చెరువులోకి.”

“కోపంలో అన్నాడమ్మా.”

“అన్నాడు, చేశాడు. నా పిల్లని చంపబోయాడు. ఆఖర్లో జాలి కలిగి బండి టాపు మీదకి తోసుంటాడు, ఎవరో పడవ వేసుకెళ్ళి దింపారు. ఆ జాలికి దండం పెట్టమంటారా?”

“…ఆ స్పానరు అందుకో. అది కాదు, పెద్దది.”

“ఇదిగో.”

“ఈ చక్రం చూడు, చేత్తో తిప్పితే ఒక పట్టాన కదలనంటోంది.”

“బ్రేకు పట్టేసిందా?”

“బ్రేకు కాదు. చక్రంతో పాటు లోపల ఇరుసు కూడా తిరుగుతోంది, అదీ బరువు. దిగి అవతలి చక్రం తిప్పి చూడు.”

“ఇదా? ఇది తేలిగ్గానే తిరుగుతోంది. ముట్టుకుంటే చాలు.”

“ముట్టుకుంటేనా?”

“బొంగరంలా. ఏం, ఇదీ పాడైందా? చూడండి మామయ్యా, ఇంకో రిపేరని చెప్పి రేపటిది ఎల్లుండికి…”

“గుడ్డ కిరసనాయిల్లో తడిపి ఇటు పట్రా.”

“ఏమైందో చెప్పరేం?”

“పట్రామ్మా. ఆ… చక్రం మధ్యలో ఈ పిడి కనిపిస్తోందా? నాలుగు చక్రాలూ లాగాలంటే బండి దిగాలి. దిగి ఇటు చక్రానికొకటి, అటు చక్రానికొకటి, చేత్తో తిప్పాలి. ఆ తర్వాతే లోపల చిన్న గేరు పనిచేస్తుంది. ఈ పిడి తిప్పి ఉంది.”

“అటుది?”

“తిప్పలేదు. అందుకే అది బొంగరంలా తిరిగింది.”

“ఎప్పుడో తిప్పి మర్చిపోయుంటాడు.”

“ముందురోజు సాయంత్రం బండి కడిగింది నేను. రెండు పిడులూ తిప్పకుండానే ఉన్నాయి.”

“క్రేను వాళ్ళు…”

“వెనక నుంచి గొలుసు కట్టి ఎత్తారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. ముందు చక్రాల జోలికి ఎవరూ పోలేదు.”

“అయితే మీరే తిప్పారు.”

“ఏంటమ్మా?”

“ఇన్ని ఆదివారాలు దీని కిందే ఉన్నారు. కొడుకు మీది నింద తుడవడానికి మీరే తిప్పిపెట్టి, ఇవాళ నన్ను పిలిచి చూపిస్తున్నారు.”

“తిప్పు.”

“ఏది?”

“ఆ పిడే. నీ చేత్తో వెనక్కి తిప్పు.”

“…రావట్లేదు.”

“రెండు చేతులూ పెట్టు.”

“రావట్లేదు మామయ్యా. తుప్పు… గాడి నిండా బురద. రాయిలా గట్టిపడిపోయింది.”

“చెరువు బురద. నేను తిప్పుంటే అది పగిలుండేది కాదూ?”

“అయితే… అయితే ఆయన దిగాడు.”

“దిగాడు. గట్టు వాలు మీద వెనక చక్రాలు బురదలో జారుంటాయి. నీళ్ళలో పడదామనుకున్నవాడికి నాలుగు చక్రాలెందుకమ్మా? జారనిస్తే చాలదూ? వెనక్కి రావాలనే దిగాడు. ఇటుది తిప్పాడు. అటుది తిప్పడానికి వెళ్ళబోయాడు.”

“వెళ్ళబోతే?”

“బండి ఆగలేదు.”

“అంటే, జారేటప్పుడు ఆయన లోపల లేడు.”

“లేడు.”

“ఒడ్డు మీద ఉన్నాడు.”

“ఒడ్డు మీదే.”

“మరి లోపలెలా దొరికాడు మామయ్యా? స్టీరింగు దగ్గర కూడా కాదు. వెనక సీట్లోంచి తీశారు ఆయన్ని. నీళ్ళు అటు తోసుంటాయని కదా అందరూ అన్నారు?”

“బండెక్కితే పాప ఎక్కడ పడుకునేదమ్మా?”

“వెనక సీట్లో.”