చిప్పర్ కాడ బయటపడ్డ పేరు

"అవ్వా, సోమవారం నుంచి అజీజ్‌నగర్ ఫామ్‌హౌజ్‌ల చిప్పర్ నేనే నడపాలె. తాత ఎట్ల నడిపేటోడో జర చెప్పరాదు" అని ఫోన్ల రికార్డింగ్ పెట్టి మా అవ్వ ముందల కూసున్న. కదిలిస్తే ఆమె మాటల బండి అంత తొందరగ ఆగదని నాకు ఎరికే.

ఏం చెప్పాలె బిడ్డ. కొమ్మలు పొట్టు చేసే ఆ మిషన్ వచ్చిన నాడు నాకైతే ఏడుపొచ్చింది. మన ఊరు ఆలూరుల ఉన్నప్పుడు పుల్ల దొరికితే కొంగుల కట్టుకొచ్చేదాన్ని. ఈడ ఇంతింత సుబాబుల్ కొమ్మలు, దాని నోట్లె పెడితే పొట్టయి అవతల పడుతున్నయి. పెండ్లి వంట అయితుండె వాటితోని. మీ బాపు పెండ్లికి... ఆఁ, కాదు, మీ పెద్దబాపు పెండ్లికి బండెడు కట్టెలు తెచ్చినం. ఇప్పుడు నువ్వు తాగే చాయ్ పైసలకే వచ్చినయి. నవ్వకు.

మీ తాతకు ఆ మిషన్ అంటే పానం. పొద్దుగాల అది బందున్నప్పుడే, తాళంచెవి జేబుల ఏసుకొని, చుట్టు తిరిగి బోల్టులు పట్టి చూసేటోడు. కొమ్మలల్ల మేకున్నదా, తీగ ఉన్నదా అని వెతికేటోడు. ఎదురుంగ నిలవడకపోతుండె, పక్కకే. అన్ని సక్కగనే చేస్తడు గని, మెడమీది తువ్వాల మాత్రం తియ్యడు. అది లేకుంటే మనిషి లెక్క ఉండనంటడు.

ఆయనను నేను పిలుసుడంటవా, పెండ్లయినకాడి నుంచి "ఇగో" అనుడే. పేరు నోట్లకు రాలే. చర్చిల కూడ "ప్రభువా, మా ఇంటాయనను సల్లగ చూడు" అనేదాన్ని. ఎవరి ఇంటాయననో ఆ పైనాయనకు ఎరుకలేదా ఏంది?

ఒకనాడు నేను కొమ్మలు అందిస్తుంటే ఒకటి ఇరుక్కున్నది. మీ తాత బందుచెయ్యకుంటనే వంగి చూస్తున్నడు. తువ్వాల కొస ఆ నోటి కాడ ఊగుతున్నది. "ఇగో, ఇగో" అని మొత్తుకున్న. నా ఇగోలు రోజు ఇనేటియే గదా, నా దిక్కు చూడకుంటనే ఆగుమని చెయ్యి ఊపిండు. నాకేమైందో ఏమో, "సామేలూ" అని ఒక్క కేక పెట్టిన.

దెబ్బకు లేచి ఎనకకు జరిగిండు. మిషన్‌కు భయపడి కాదు బిడ్డ, నా నోట్లె ఆయన పేరు ఇని. తువ్వాల జారి అండ్ల పడ్డది, రెప్ప కొట్టేలోపల లేదు. నోటి మీద ఎర్ర కడ్డీ ఉంటది సూడు, నూకితే మింగుడు ఆగుతది. నేనే ఉరికి నూకిన. తువ్వాల గిట్ల మెడకు చుట్టుకొని ఉంటే... ఇగ ఒద్దులే.

చెమటలు కారుతున్నయి ఆయనకు. అప్పుడేమన్నడో ఎరికేనా? "మల్లొకసారి పిలువు" అన్నడు. సిగ్గులేని ముసలోడు.

తెల్లారి నుంచి కొత్త తువ్వాల ఇంట్లనే పెట్టి వచ్చేటోడు. బోల్టులు చూసినంక, తాళంచెవి పెట్టేముందు నా దిక్కు తిరిగి "హారన్ చెక్" అనేటోడు. నేను పేరు పెట్టి పిలిస్తేనే స్టార్ట్ చేసేటోడు. తోటపనోళ్లంత నవ్వేటోళ్లు. నేను కొంగు నోటికి అడ్డంపెట్టుకొని పిలిచేదాన్ని. ఆయన పోయినంక అంత గట్టిగ ఎవర్ని పిలువలే.

"అవ్వా, ఒకసారి పిలువరాదు, రికార్డయితది" అన్న నేను. కొట్టనీకి చెయ్యి లేపింది.

పోరా. ఇగ నువ్వు ఒక్కనివే నడపకు. ఇరుక్కుంటే బందుచేసి, తాళంచెవి తీసి, లోపల తిరుగుడు పూర ఆగినంకనే చెయ్యి పెట్టు. ఎర్ర కడ్డీ కాడ ఒకన్ని నిలబెట్టు. వానికి నీ పేరు చెప్పు. అన్నా, భాయ్ అంటే ఆడ పదిమంది తిరిగి చూస్తరు. నీ పేరే చెప్పు బిడ్డ... ఇనవడంగనే ఎనకకు జరుగు. సల్లగుండు.