పెద్ద అర్బాబ్ పెట్టిన అతుకు

బహ్రెయిన్, తుబ్లీలో ఒక గ్యారేజీ. 1994, బుధవారం మధ్యాహ్నం. ఫోర్‌మన్ రషీద్‌ది బోధన్. వెల్డర్ భీమన్నది ఆర్మూరు పక్క పల్లె. యజమాని పెద్ద అర్బాబ్ పోయి ఇంకా ఏడాది కాలేదు. ఇప్పుడు ఆయన కొడుకు జాసిమే యజమాని, వీళ్ళ వీసాలకు పూచీపడే కఫీల్. ఇద్దరి ముందూ బానెట్ తీసేసిన ఒక పాత అమెరికా కారు.

“లేదన్నా, కొయ్యొద్దు. జాసిం సాబ్ సాఫ్ సాఫ్ చెప్పిండు. కొయ్యొద్దంటె కొయ్యొద్దు.”

“పగులు ఉన్నదని చెప్పినవా?”

“చెప్పిన.”

“ఎట్ల చెప్పినవ్?”

“ఎట్ల చెప్తరు? ‘సాబ్, ఛాసీ అతుకు దగ్గర పగులు వచ్చింది, భీమన్న కోసి మల్ల కొత్తగ పెడ్తనంటున్నడు’ అని చెప్పిన. ‘అది మా అబ్బా చేతి పని, దాని జోలికి పోకుండ్రి’ అన్నడు. ఫోన్ పెట్టేసిండు.”

“మల్ల చెయ్యి.”

“పొద్దుగాల్నుంచి మూడు సార్లు చేసిన! నాలుగోసారి చేస్తె అతుకును కాదు, నన్ను కోస్తడు.”

“ఇటు రా. వంగు. ఇంక వంగు, నీ నడుమేం ఇరగది. గీడ చూడు. కిరోసిన్ రాసిన, తుడిచిన, మీదికెల్లి సున్నం పూసిన. సున్నం మీద గీత కనవడ్తుందా లేదా?”

“కనవడ్తుంది. ఎంటిక మందం.”

“పైకి ఎంటిక మందం. తుడిచినంక గూడ కిరోసిన్ ఎల్లిందంటె లోపల దాసుకున్నట్టే గద. అంటె లోపల బొంద ఉన్నది.”

“అన్నా, పదిహేడేండ్లు ఆగిన అతుకు ఒక్క శుక్రారం ఆగదా? సాబ్ అన్నది గూడ గదే.”

“పదిహేడేండ్లు నడిచిందా అది? అర్బాబ్ ఇంటెనుక తాడిపత్రి కప్పుకోని పండుకున్నది. పెద్ద అర్బాబ్ ఈద్ పండుగకు ఓసారి తీసి, గల్లీల తిప్పి, మల్ల పెట్టెటోడు. ఎన్నడన్న నలబై దాటిచ్చిండా?”

“దాటియ్యలే.”

“ఎందుకు దాటియ్యలే?”

“నాకేమెరుక? ముసలాయన. మెల్లగ నడిపిండు.”

“గట్లనే అనుకో. మరి ఈ పోరడు ఏం జేస్తడు? శుక్రారం సఖీర్ ఎడారి దిక్కు తీస్కపోతడు. దోస్తులందరు చూస్తుంటె నూటనలబై కొడ్తడు. కొడ్తడా, కొట్టడా?”

“కొడ్తడు. తెలిసిందే గద.”

“కొడ్తడు! రోడ్డు మీద ఒక్క గుంత చాలు. ముందటి సగం అటు, ఎనుక సగం ఇటు. అంత పెద్ద ఇంజన్ వచ్చి ఒళ్లె కూసుంటది.”

“అట్లనకన్నా. మంచి మాట అను.”

“మంచి మాట అంటె ఇనుము అతుక్కుంటదా?”

“అరె, నా మీద ఎందుకు ఒర్రుతున్నవ్? ఆయనేమో ముట్టొద్దంటడు, నువ్వేమో కొయ్యాలంటవ్. నడుమ నా దిమాక్ ఖరాబ్ అవుతుంది. చూడు, బ్రేకులు కొత్తయి ఏస్తమంటె సరే అన్నడు. టైర్లకు సరే అన్నడు. స్టీరింగ్ మార్చుదమంటె రెండు దినాలు మొకం మాడ్చుకోని, ఆఖరికి సరే అన్నడు. రంగు గీకొద్దన్నడు, మనం గీకలే. సీట్ల తోలు ముట్టొద్దన్నడు, ముట్టలే. ఈ అతుకొక్కటి ఇడ్సిపెట్టరాదు?”

“అన్ని మార్చుమని, సావు తెచ్చేది ఉంచుమంటడా?”

“దోస్తులు వస్తె బానెట్ తీసి ఏం చూపిస్తడో ఎరుకేనా? ఇంజన్ కాదు. గీ అతుకు. ‘ఆయిల్ కంపెనీ అమెరికోడు ఇడ్సిపోయిన బండి ఇది. మా అబ్బా తన చేతుల్తోని ఛాసీ కోసి, పొడుగు చేసి, ఇంత ఇంజన్ కూసుండవెట్టిండు. చూడుండ్రి, మా అబ్బా చెయ్యి’ అంటడు.”

“ఇందుల చూపెట్టుకునేందుకు ఏమున్నది? ఉడకని జొన్నగట్కలెక్క ఉండలుండలు ఉన్నది. దీన్ని పెట్టిన గాడిదకు హోల్డర్ పట్టుడే రాదు.”

“తౌబా తౌబా! చచ్చిపోయినాయన అన్నా. ఆయన ఉప్పు తిన్నం.”

“నేనాయన్ను అంటలేను.”

“మరెవర్ని అంటున్నవ్?”

“ఎవర్ని లేదు. అతుకును అంటున్న. యాది కావాల్నంటె కోసిన ముక్కను అద్దాల పెట్టెల పెట్టిస్త. ఇంట్ల పెట్టుకోమను.”

“గది గూడ చెప్పిన! ‘నువ్వయితె మీ అబ్బా చెయ్యి కోసి పెట్టెల పెట్టుకుంటవా’ అన్నడు. ఇగ నేనేమనాలె? సరే. కొయ్యకు. కిందికెల్లి ఒక ప్లేటు ఏసెయ్యి. ఎవ్వనికి కనవడది.”

“లోపల బొంద అట్లనే ఉంటె ప్లేటు ఏం జేస్తది? ప్లేటు పక్కపొంటి పగుల్తది.”

“అయితె శుక్రారం బండి స్టార్టే కాకుంట చేస్త. ఒక్క వైరు పీకుత. ‘సాబ్, సామాన్ వస్తలేదు, ఆర్డర్ పెట్టినం’ అంట.”

“ఈ శుక్రారం పీకుతవ్. వచ్చే శుక్రారం?”

“ఇంకో వైరు పీకుత.”

“ఎన్ని వైర్లు పీకుతవ్? ఆ పోరడు నాలుగేండ్లప్పటి సంది ఈ షెడ్డులనే పెరిగిండు. నీకంటె ముందు ఆయనే పట్టుకుంటడు.”

“యా ఖుదా! నేనేది చెప్పినా కాదంటవ్. అయితె ఇది ఇను. ఆఖరి మాట. రేపు జుమెరాత్, సాబ్ రాడు. నువ్వు కోసెయ్యి. లోపల మంచిగ పెట్టు. పైకెల్లి మాత్రం మల్ల గిట్లనే ఉండలుండలు పెట్టి పాత రంగు కొట్టు. ఆయనకేం తెలుస్తది?”

“గిట్ల పెట్టుడు నాతోని కాదు.”

“మంచిగ పెట్టెటోనికి ఖరాబ్ పెట్టుడు రాదా?”

“రాదు. చేతికి అలవాటు పడ్డది. ఇప్పుడు ఖరాబ్ చేస్తనన్నా లైను సక్కగనే పడ్తది. గిట్ల పడాలంటె చెయ్యి వణకాలె. కండ్లు మూసుకోవాలె.”

“కండ్లు మూసుకోని ఎవడన్న వెల్డింగ్ చేస్తడా?”

“భయపడ్డోడు చేస్తడు. మొకం పక్కకు తిప్పుకోని, కండ్లు మూసుకోని, రాడ్డు అంటుకుంటె గుంజుకుంట, మల్ల పెట్టుకుంట. గీడ చూడు, గీడ, గీడ. నాలుగు జాగల అంటుకున్నది.”

“పెద్ద అర్బాబ్ భయపడ్డడా? ఆయన ఎవ్వనికి భయపడ్డడు?”

“నేను పెద్ద అర్బాబ్ అన్ననా?”

“మరి?”

“ఏం లేదు. ఆ బ్రష్షు ఇటియ్యి.”

“ఏం బ్రష్షు? బ్రష్షు ఎందుకిప్పుడు? అన్నా, నా మొకం చూడు. ఎవరు భయపడ్డరు?”

“సతాయించకు రషీద్ భాయ్.”

“సతాయించేది నేనా? పొద్దుగాల్నుంచి మూడు ఫోన్లు చేపిచ్చినవ్, మూడు సార్లు తిట్లు తిన్న. చెప్పు. నాలుగు జాగల అంటుకున్నదని నీకెట్ల ఎరుక?”

“ఆ గాడిదను నేనే.”

“ఏం?”

“నేనే పెట్టిన. ఈ దేశం వచ్చిన మూడోనాడు.”

“నువ్వా? మజాక్ చెయ్యకన్నా. ఈ తుబ్లీ మొత్తంల నీ అసుంటి వెల్డర్ లేడు. మొన్న పైపు మీద నువ్వు పెట్టిన లైను చూసి ఫిలిప్పీనోడు ఫోటో తీసుకోని పోయిండు.”

“అప్పుడు నాకు వెల్డింగ్ రాదు.”

“రాకుంటె వీజా ఎట్ల వచ్చింది?”

“వీజా మీద వెల్డర్ అని రాసి ఉండె. నేను ఊర్ల బాయిలు తవ్వెటోన్ని. బొంబాయిల ఏజెంటు, ‘వెల్డర్ వీజా ఒక్కటే ఉన్నది, పోతవా పోవా’ అన్నడు. పోత అన్న. నా పేరు మీద ఇంకోడు పోయి టెస్టు ఇచ్చి పాసైండు. ఆని మొకం గూడ నేను చూడలే.”

“యా అల్లా.”

“ఈడికొచ్చినంక పెద్ద అర్బాబ్ హోల్డర్ చేతికిచ్చిండు. ఉల్టా పట్టిన. షెడ్డుల ఉన్నోళ్లందరు నవ్విండ్రు. అప్పటి ఫోర్‌మన్, ‘వీడు దొంగ వెల్డర్, వాపస్ పంపుండ్రి’ అన్నడు. నేను ఏడ్సిన. అందరి ముందట ఏడ్సిన, చెప్పుకునేందుకు సిగ్గెందుకు? అర్బాబ్ నన్ను ఇంటికి తీస్కపోయి ఈ బండి చూపిచ్చి, ‘కస్టమర్ బండి ఖరాబ్ చెయ్యకు. నాది ఖరాబ్ చెయ్యి. నేర్చుకో’ అన్నడు.”

“ఈ బండి మీదనా? ఆయన పానం కంటె ఎక్కువ చూసుకునే బండి మీద?”

“దీని మీదనే. వెల్డింగ్ వెలుగుకు తెల్లారి కండ్లు ఉబ్బి తెరువరాలే. ఆయనే ఆలుగడ్డ కోసి కండ్ల మీద పెట్టిండు. వారం దినాలకు ఫోర్‌మన్ వచ్చి ఈ అతుకు చూసి, ‘ఇది ఎవడు చేసిండు’ అని అడిగిండు. అర్బాబ్, ‘నేనే చేసిన. ఏం, మంచిగ లేదా?’ అన్నడు. ఫోర్‌మన్ తన పనికి పోయిండు. గంతే. గప్పటి సంది ఇది ఆయన పనే.”

“నువ్వు ఊకున్నవా?”

“‘నువ్వు నోరు తెరిస్తె నిన్ను పంపియ్యాలె, నా మాట గూడ పోతది’ అన్నడు. తెరువనని ఒట్టు పెట్టిన. నలబై ఎందుకు దాటియ్యలే అనుకున్నవ్? అతుకు ఎట్లాంటిదో ఆయనకెరుకే. ఎరుకుండి గూడ కొయ్యనియ్యలే. కోస్తె ఫోర్‌మన్‌కు తెలుస్తదని ఓ సంవత్సరం ఆగిండు, ఇనంక ఆ పోరడు పెద్దగై ‘మా అబ్బా చేసిండు’ అనవట్టె. ఇగ ఎట్ల కోస్తం?”

“మరి ఈ ముచ్చట మొదలే చెప్పరాదు! నువ్వు పెట్టిన అతుకు నువ్వు కోసుకుంటనంటె సాబ్ కాదంటడా?”

“ఎట్ల చెప్పాలె? తండ్రి పోయి ఏడాది కాలే. ‘మీ అబ్బా పదిహేడేండ్లు అబద్దమాడిండు, నీ దోస్తులందరి ముందట నువ్వు చెప్పుకున్నదంత ఉత్తదే’ అని చెప్పాల్నా? నా నోటితోని?”

“చెప్పకుంటె శుక్రారం ఏమైతది? ఇప్పటిదాక నువ్వే గద చెప్పినవ్. ముందటి సగం అటు, ఎనుక సగం ఇటు అని. ఒట్టు కావాల్నా నీకు, పోరడు కావాల్నా?”

“కొట్టినట్టు అడుగుతవేంది?”

“కొట్టినట్టే అడుగుత. చెప్పు.”

“నా భుజాల మీద కూసోని, జుట్టు గుంజుకుంట షెడ్డంత తిరిగినోడు. నా పేరు పలుకరాకుంటె ‘బీమా, బీమా’ అనెటోడు. నాకు కావాల్నా అని అడుగుతున్నవ్.”

“అయితె నేను ఫోన్ చేస్త.”

“చెయ్యి. అంత చెప్పు. టెస్టు ఇంకోడు ఇచ్చిండని గూడ చెప్పు. దొంగ వెల్డర్ అని పంపిస్తె పంపియ్యనీ. కొయ్యనీకి ఒప్పుకుంటె చాలు.”

రషీద్ ఆఫీసు గదిలోకి వెళ్ళి ఫోను చేసి, చాలాసేపటికి తిరిగి వచ్చాడు.

“ఏమన్నడు?”

“చాయ్ తాగొద్దాం పా.”

“ఏమన్నడు రషీద్ భాయ్?”

“నవ్విండు.”

“నవ్విండా!”

“ముందుగాల నవ్విండు. ఇనంక అబ్బా మాట ఎత్తిండు. దవాఖానల ఉన్నప్పుడు పెద్ద అర్బాబ్ చెప్పిండట. ‘నా పనికి ఎన్నడన్న వంక వస్తె, భీమన్న వచ్చి తన మీదేసుకుంటడు. నేనే చేసిన అంటడు. నమ్మకు. వాడు అసుంటోడు’ అని.”

“అట్లన్నడా? సచ్చేటప్పుడు గూడ?”

“‘మా అబ్బా చెప్పినట్టే చేసిండు భీమన్న. సలాం చెప్పు’ అన్నడు.”

“టెస్టు సంగతి చెప్పినవా? కండ్ల మీద ఆలుగడ్డ? నాలుగు జాగల అంటుకున్నది?”

“అన్ని చెప్పిన. ఎంత చెప్తె అంత నవ్విండు. ‘కథ మంచిగ అల్లిండు’ అన్నడు.”

“నేను అల్లిననా!”

“ఇంకోటి గూడ అన్నడు. అతుకు మీద చెయ్యేస్తె ఇద్దరికి ఖలాస్. వీజా క్యాన్సల్, వాపస్ టికెట్. శుక్రారం పొద్దుగాల ఆరింటికి బండి తీస్కపోనీకి వస్తడట.”

“అయ్యో అర్బాబ్! సచ్చినంక గూడ నన్నే కాపాడ్తున్నవా? నాకెందుకయ్యా? నీ కొడుకును చూసుకోవాలె గద! నీ కొడుకు పోతున్నడు!”

“ఊకో అన్నా. చెప్పేది చెప్పినం. ఇగ మన చేతిల ఏమున్నది? పా, మొకం కడుక్కో… అన్నా? ఆ సిలిండర్ ఎందుకు గుంజుతున్నవ్?”

“ఎనుకకు జరుగు.”

“గ్యాస్ ఎందుకిప్పినవ్? అరె, అన్నా! ఇనవడలేదా? వీజా క్యాన్సల్ అన్నడు! పదిహేడేండ్ల నౌకరి!”

“నువ్వు ఫోన్ కాడ ఉన్నవ్. నువ్వేం చూడలే.”

“మంట ఆర్పు. భీమన్నా, నీకు దండం పెడ్త, ఆర్పు. రేపు మల్ల మాట్లాడుత, ఆయన తల్లితోని మాట్లాడుత, ఎవర్నన్న పట్టుకుంట, జెర ఆగు—”

“కండ్లు మూసుకో. రవ్వలు పడ్తయ్.”

“ఆగు, ఆగాగు… అయిపాయె. యా అల్లా, సగం దాక పాయె. ఇప్పుడు సాబ్‌కు నేనేం చెప్పాలె? చెప్పు, ఏమని చెప్పాలె?”

“పోయి ఫోన్ చెయ్యి. పెట్టింది నేనంటె నమ్మలే గద. కోసింది నేనని చెప్పు. గిదన్న నమ్ముతడు.”