గడ్డి ఉంగరం

— అమ్మమ్మా, చర్చికిచ్చే బియ్యం ప్రతీ ఆదివారం చేటలో పోసి వెతుకుతావేంటి? రాళ్ళా?

రాళ్ళు కాదే అమ్మలూ. ఇప్పుడు బియ్యంలో రాళ్ళెక్కడున్నాయి, మిల్లులోనే ఏరేసి సంచుల్లో పోసి పంపిస్తున్నారు. ఉండు, ఆ కుర్చీ ఇటు లాక్కో. ఫోన్లో రికార్డింగు పెట్టావా? మాట్లాడొచ్చా? సరే.

అప్పుడు నాకు నీ ఈడే... కాదు కాదు, నీకన్నా చిన్నదాన్ని, పదో తరగతి. భీమడోలు దగ్గర మా ఊళ్ళో నేనూ మా నాయనమ్మా ఉండేవాళ్ళం. అమ్మా నాన్నా కొల్లేట్లో చేపల పనికి పోయి వారానికోసారి వచ్చేవారు. వస్తే ఇల్లంతా ఎండుచేపల వాసనే. అప్పట్లో చేపలు ఎంత చవకనుకున్నావు, బుట్టెడు కొన్నా చిల్లర మిగిలేది. సరే, ఆ సంగతి వేరే.

మా వీధిలో టీచరమ్మగారని ఉండేవారు. ఆవిడ భర్త మా చర్చిలో సంఘపెద్ద. ఆవిడ దగ్గర నేను లెక్కలు చెప్పించుకునేదాన్ని. ఫీజు కట్టే తాహతు లేదు కదా, అందుకని పొద్దున్నే వెళ్ళి వాకిలి ఊడ్చి, గిన్నెలు తోమి, అప్పుడు పలక పట్టుకుని... పలకేంటి నా మొహం, పదో తరగతికి పలకేంటి, పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. మంచావిడేనే. గట్టిగా మాట్లాడ్డమే ఎరగరు.

ఆవిడకి ఆ ఏడు టైఫాయిడ్ వచ్చింది. లేచేసరికి మనిషి సగమైపోయారు. పెళ్ళి ఉంగరం కుడి చేతి వేలికి వదులైపోతే దానికి దారం చుట్టి పెట్టుకునేవారు. ఒక శుక్రవారం చూస్తే ఉంగరం లేదు.

ఇల్లంతా వెతికారు. నూతి దగ్గర, తూములో, పొయ్యి బూడిదలో, ఆఖరికి పేడకుప్ప కూడా తిరగేశారు. లేదు. మరి బయటి నుంచి ఇంట్లోకి వచ్చేదెవరు? నేను.

నా మీద అరిచినా బాగుండేదే. ఆవిడ నన్ను గదిలోకి పిలిచి, తల నిమిరి, మెల్లిగా "తీసుంటే ఇచ్చెయ్యమ్మా సువార్తా. ఎవరికీ చెప్పను" అన్నారు. చూశావా మన గోదారోళ్ళ మర్యాద? దొంగని కూడా అమ్మా అనే పిలుస్తాం. "నేను తియ్యలేదండి" అన్నాను. "సరేనమ్మా" అన్నారు. నమ్మిన సరే కాదది, నాకు తెలిసిపోయింది.

శనివారానికల్లా ఊరంతా పాకింది. ఆదివారం ఆరాధనలో మా ఎస్తేరు, నాతోపాటు చదివేదిలే, పక్కపక్కనే చాపలేసుకుని కూర్చునేవాళ్ళం, ఆవేళ తన చాప కొంచెం అవతలికి లాక్కుంది. ఒక్క జానెడే. ఆ జానెడు నాకిప్పటికీ కనబడుద్దే.

అయ్యాక పాస్టరుగారు పిలిచి, "సాయంత్రం కూడికలో బైబిలు మీద చెయ్యేసి, తియ్యలేదని అందరి ముందూ చెప్పమ్మా. లేపోతే ఏలూరు సంగతి నేను మాట్లాడలేను" అన్నారు. ఏలూరు సంగతంటే, పది పాసైనవాళ్ళని అక్కడ మిషను హాస్టల్లో ఉంచి నర్సు చదువు చదివించేవారు. పిల్ల మంచిదని పాస్టరుగారు ఒక మాట చెబితేనే సీటు. దొంగపిల్లకి ఎవరు చెబుతారు? ఆ మాట పోయిందంటే నేనూ కొల్లేటి దారే పట్టాలి. చెయ్యెయ్యడానికి నాకేం భయం లేదు. వేస్తే మాత్రం? దొంగే కాదు, దొంగ ప్రమాణం కూడా చేసింది అంటారు.

ఏడుపొచ్చింది, ఎందుకు రాదు. కానీ నా బుద్ధి నీకు తెలుసుగా, ఏడుస్తూ కూడా ఆలోచిస్తాను. ఉంగరానికి కాళ్ళు లేవు. నేను తియ్యలేదు. మరి ఎటు పోయినట్టు? అదొక తిక్క పట్టుకుంది నాకు.

ఇంటికొస్తూ చేలగట్టు మీద గడ్డిపోచ తెంపి ఉంగరం చుట్టుకున్నాను, వదులుగా, జారేటట్టు. టీచరమ్మగారు పొద్దున్న లేచి ఏమేం చేస్తారో రోజూ చూసేదాన్నే కదా, అవన్నీ చేశాను. నీళ్ళు తోడాను. పడలేదు, చేంతాడు పట్టుకుంటే వేళ్ళు ముడుచుకునే ఉంటాయి. బట్టలు పిండాను, పడలేదు. జడేసుకున్నాను, పడలేదు. మా నాయనమ్మ చూసి, "అయ్యో అయ్యో, నిందపడి పిల్లకి మతి పోయింది" అని శోకాలు మొదలెట్టింది. నాకేమో, నిజం చెబుతున్నాను, ఆ కాసేపూ భయమే లేదు. ఏం జరుగుద్దో చూద్దామని ఒకటే ఆత్రం.

"ఆ కోతి చేష్టలు చాలించి ఎసట్లోకి బియ్యం తియ్యి" అంది నాయనమ్మ. సరేనని బియ్యం కొలిచి, వండే ముందు ఒక గుప్పెడు తీసి దేవుడి డబ్బాలో వేశాను. ఇప్పుడు మనింట్లో వేస్తాను చూడు, అలాగే, సంఘంలో ప్రతి ఇంట్లోనూ పూటపూటా ఒక గుప్పెడు, ఆదివారం చర్చికి. గుప్పిట తెరిచి చెయ్యి దులిపాను. చూసుకుంటే వేలికి గడ్డి ఉంగరం లేదు!

తీద్దామని డబ్బాలో చెయ్యి పెట్టబోతే నాయనమ్మ ఆ చేతి మీద ఒక్కటేసింది. "దేవుడికి వేసింది మళ్ళీ ముట్టుకుంటావంటే!"

అప్పుడర్థమైందే అమ్మలూ. పేడకుప్ప తిరగేసినవాళ్ళు కూడా వాళ్ళింట్లో దేవుడి డబ్బా ఎందుకు ముట్టుకోలేదో.

కానీ ఏం లాభం, టీచరమ్మగారి డబ్బా ఆ పొద్దున్నే చర్చికి వచ్చేసింది. అందరి బియ్యమూ ఒక గంపలో పోసి, పాస్టరమ్మగారు మూటలు కట్టి విధవరాండ్రకి పంచేవారు. మా నాయనమ్మా విధవరాలే. మా మూట పొయ్యి పక్కనే ఉంది, ఇంకా ముడి కూడా విప్పలేదు.

విప్పబోయాను. ముడి మీద చెయ్యేసి ఆగిపోయాను. అందులోనే ఉందనుకో? మా ఇంట్లో దొరికిందనుకో? ఇంకెవరు నమ్ముతారు నన్ను? ఉంగరం దొరకాలి, మా మూటలో మాత్రం దొరక్కూడదు, అని దేవుడితో బేరమాడాను.

ఆ మూట అలాగే ఎత్తుకుని పాస్టరమ్మగారింటికి పరిగెత్తాను. గడ్డి ఉంగరం సంగతి చెప్పాను. నవ్వుతారేమో అనుకున్నాను. ఆవిడ నవ్వలేదు, తన వేలి ఉంగరం ఒకసారి చూసుకుని, అందరి మూటలూ తెమ్మని కబురంపారు. ఒక ముసలావిడ అప్పటికే వండేసుకుంది, పాపం ఆ అన్నం గిన్నె కూడా పట్టుకొచ్చేసింది!

సాయంత్రం కూడికలో అందరి మధ్యా చేట పెట్టారు. ఒక్కో మూటా విప్పి పోశారు. లేదు. లేదు. అన్నం గిన్నె కూడా కెలికారు, లేదు. ఇక మిగిలింది మాదే. నేను లేచి, "ఆ ముడి మీరేసిందేనా అండీ?" అని అడిగాను, అందరికీ వినపడేలా. పాస్టరమ్మగారు అటూ ఇటూ తిప్పి చూసి, "ఆయ్, నేనేసిందే. విప్పలేదు" అన్నారు. పోశారు. బియ్యంతోపాటు ఉంగరం జారి పడింది. దానికి దారం ఇంకా వేలాడుతోంది.

సంఘపెద్దగారు వెంటనే, "దొరికింది కదా, దేవునికి స్తోత్రం, ప్రార్థన చేసుకుందాం" అని లేచారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఉంగరం దొరికిందండి. మరి నా సంగతేంటండి?" అన్నాను. నాయనమ్మ కూర్చోవే అని ఓణీ లాగుతోంది.

టీచరమ్మగారు లేచారు. ఇంకా నీరసం తగ్గలేదు, స్తంభం పట్టుకుని నించున్నారు. "నా చేత్తో నేనే వేసుకుని, నింద పిల్ల మీద వేశానండీ" అన్నారు. ఉంగరం పెట్టుకోను కూడా లేదు. ఆడవాళ్ళని దాటుకుంటూ వచ్చి నా చాప మీద కూర్చున్నారు. నన్ను ఆనుకుని. అప్పుడేడ్చాను, అప్పుడు మాత్రం వెక్కి వెక్కి ఏడ్చాను.

ఏలూరు వెళ్ళడం, నర్సునవడం, గూడెం ఆసుపత్రిలో ఉద్యోగం, అవన్నీ నువ్వెరిగినవే. ఊళ్ళో కొందరు మాత్రం, ఆ పిల్లే మూటలో పెట్టుంటుందిలే అని చాన్నాళ్ళు అనుకున్నారట. ముడి విప్పకుండా ఎలా పెడతానే? అనుకునేవాళ్ళకి అవన్నీ అక్కర్లేదు.

అందుకే చేటలో పోస్తాను. నా వేలికి ఇప్పుడు ఉంగరం కూడా లేదు, మీ తాతయ్య పోయాక మీ అమ్మకిచ్చేశాను. అయినా ఎవరిదో ఏదో పడుద్ది, ఎవరో ఒక పిల్లనంటారు. మొన్న చూస్తే మీ మావయ్య చొక్కా గుండీ.

అవునూ, మీ హాస్టల్లో ఫోనేదో పోయిందన్నావు, అందరూ ఒక పిల్లనంటున్నారన్నావు. ఆ పిల్ల పేరేంటి?... తెలీదా? ఒకే వరండాలో ఉండి పేరు తెలీదంటే! సర్లే. ఆ పిల్ల తీసిందో లేదో నాకు తెలీదు. నీకూ తెలీదు. ఫోను ఎటు పోయిందో వెతుకు, నా మనవరాలివి, ఆ తిక్క నీకూ ఉండాలి. కానీ అది తర్వాత. రేపు గూడెంలో మీ హాస్టలుకి వెళ్ళగానే, భోజనాల దగ్గర నీ కంచం తీసుకెళ్ళి ఆ పిల్ల పక్కన కూర్చో. దగ్గరగా కూర్చోవాలి సుమా, జానెడు కూడా వదలకు.

దేవుడు నిన్ను చల్లగా చూడాలి నా తల్లిని. ఇక ఆ ఫోనాపేసి ఈ చేట పట్టుకో, నా కళ్ళకి సరిగ్గా ఆనట్లేదు...