ముందు వరసలో కుర్చీ

వైద్య కళాశాల సమావేశ మందిరం. దేహదానం చేసినవాళ్ళను తలుచుకునే సభకు ఇంకా కాస్త టైముంది. కుర్చీలు సర్దాల్సిన ఇద్దరు విద్యార్థులూ సర్దడం మానేసి వాదులాడుకుంటున్నారు.

“వద్దంటే వద్దు. ఆ కుర్చీలో నువ్వు కూర్చోడానికి వీల్లేదు.”

“కూర్చుంటే తప్పేంటి లీడరమ్మా? ముందు వరసలో అందరి కుటుంబాలూ ఉంటాయి. మన బల్ల మీద దేహమిచ్చిన గురువుగారి కుర్చీ ఒక్కటే బోసిగా ఉంటే బాగుంటుందా? ఆయనకి నా అన్నవాళ్ళు లేరు. నేను దూరపు మేనల్లుణ్ణి అనుకో, పోయేదేముంది?”

“ఒరేయ్ పొడుగూ, ఏడాదంతా ఆయన్ని కోసిన చేత్తోనే నేనిచ్చే పువ్వు అందుకుంటావా? వేదిక మీద నీ మొహం చూస్తూ ‘మీ కుటుంబానికి మా కృతజ్ఞతలు’ అనాలా? నవ్వాపుకోలేక చస్తాను.”

“నవ్వితే నవ్వు. అసలు ఈ సభలో ఎలా ఉండాలో ఎవడికి తెలుసు? చప్పట్లు కొట్టాలో వద్దో తెలీదు. మొహం ఎలా పెట్టాలో తెలీదు. పొద్దున అద్దం ముందు ప్రాక్టీసు చేస్తుంటే మా అమ్మ చూసి, కడుపునొప్పా అంది.”

“ఆపరా బాబూ!”

“నీకు భయంగా లేదూ?”

“ఉంది. సిగ్గుగా కూడా ఉంది. ఆయన గుండె నా అరచేతిలో పట్టుకున్నాను. ఆయన టీ తాగేవారో కాఫీ తాగేవారో కూడా తెలీదు. థాంక్స్ చెప్పుకోడానికి ఒక మనిషి కావాలి రా. ఖాళీ కుర్చీకి ఏం చెప్పను?”

“అందుకేగా నేను కూర్చుంటానంది… అయ్యయ్యో, తాతగారూ! ఆ కుర్చీ కాదండీ! దాని మీద పేరుంది చూడండి.”

“చదివే కూర్చున్నాను బాబూ. కళ్ళజోడు ఉందిగా.”

“మీరు ఆయన బంధువులా?”

“ఛ ఛ!”

“స్నేహితులా?”

“వాడితోనా! పక్క వాటా. మధ్యలో ఒకటే గోడ. వాడి రేడియో నా చెవిలో, నా దగ్గు వాడి చెవిలో.”

“తాతగారూ, నేను మాట్లాడొచ్చా? ఆయన టీ తాగేవారా, కాఫీయా?”

“రెండూ కాదమ్మాయ్. వేడినీళ్ళు. అదీ జుర్రుమని, వీధి వీధంతా వినపడేలా.”

“పొడుగూ, విన్నావా? వేడినీళ్ళట!”

“విన్నాను. ఏడుస్తున్నావా, నవ్వుతున్నావా?”

“తెలీట్లేదు. తాతగారూ, ఇవాళ ఆయన గురించి నేనే మాట్లాడాలి. మొదలు ఇలా రాసుకున్నాను. ‘మహోన్నత త్యాగమూర్తి, సౌమ్యుడు, మృదుభాషి…’”

“ఎవడూ, వాడా? చదివేసిన పేపరు కూడా అరువివ్వని మనిషి! మృదుభాషా? వాడు అరిస్తే మా పిల్లి మంచం కింద దూరేది. ఆ ముక్క కొట్టేయ్.”

“కొట్టేస్తే ఇంకేం మిగలదండీ.”

“మిగలకపోతే పోనీ. ముందు నేనడిగేదానికి సూటిగా చెప్పండి. వాడు మీకు పనికొచ్చాడా?”

“అంటే?”

“అంటే ఏముంది? పనికొచ్చాడా, లేదా?”

“భలేవారే! మొదటి రోజు వీడు కత్తి పట్టుకుని గడగడా వణికిపోయాడు…”

“నా సంగతెందుకిప్పుడు?”

“ఇప్పుడు వీడి చెయ్యి చూడండి. తొణకదు, బెణకదు. అంతా ఆయన చలవే.”

“అసలు సంగతి నేను చెప్తాను తాతగారూ. ఆయన మూత్రపిండాలు రెండూ కింద అతుక్కుపోయి గుర్రపు లాడంలా ఉన్నాయి. అలా ఉండటం అరుదు. మా మేడమ్ ఎగిరి గంతేసినంత పని చేశారు. పక్క బల్లలవాళ్ళు, సీనియర్లు, అందరూ మా దగ్గర క్యూ కట్టారు. ఆ వారమంతా మేం కాలరెగరేసుకుని తిరిగాం.”

“చూశారా? లోపల కూడా వాడిదంతా అడ్డదిడ్డమే!”

“తాతగారూ, కళ్ళజోడు తీశారేం?”

“దుమ్ము. ఎంతమంది చూశారన్నావు?”

“కాలేజీ అంతా.”

“కాలేజీ అంతా! మంచిది. చాలా మంచిది. ఆ మైకు గట్టిగా పనిచేస్తుందా?”

“చేస్తుంది. ఎందుకండీ?”

“పువ్వు నాకొద్దు. మైకు ఒక్కసారి ఇవ్వండి చాలు. వాడితో అన్న మాటొకటుంది, వెనక్కి తీసుకోవాలి.”

“తప్పకుండా ఇస్తాం. మీరు వచ్చినందుకు నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను. కానీ వేదిక మీదకి ఏమని పిలవను? పక్కింటాయన అనా?”

“నీ ఇష్టం.”

“ఆయన మనిషి అంటాను. సరేనా?”

“అలా అనకమ్మా, నాకా అర్హత లేదు.”

“పోట్లాడుకుంటే మాత్రం ఏమైందండీ? ఇంత దూరం వచ్చారు కదా. ఇంతకీ ఆ మాటేంటి?”

“ఇంకా జనం రాలేదేం?”

“తాతగారూ!”

“ఓసారి గోడ దగ్గర కోపంలో, ‘బతికి ఎవరికీ పనికిరాలేదు, చచ్చినా పనికిరావురా నువ్వు’ అన్నాను. వాడు మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, మీ కాలేజీకి వచ్చి పేరు రాయించుకున్నాడమ్మా.”