బస్టాండుకి వెళ్లిన ఘటం

దాలమ్మ నోరున్న మనిషి. నందివలసలో ఆ గట్టు మీద నుంచి కేకేస్తే ఈ గట్టు మీద ఎడ్లు ఆగిపోయేవంట. అలాంటిదాని నెత్తిన వచ్చి పడింది చూడండి మొక్కు. ఏమైందంటే, దాని మొగుడికి జ్వరం తిరగబెట్టి మంచానికి అంటుకుపోతే, అత్త అసిరమ్మ భయపడిపోయి, "ఎర్నమ్మ తల్లీ, నా కొడుకు లేచి తిరిగితే ఎండాకాలం తీర్థానికి నా కోడలు నీకు ఘటం ఎత్తుద్ది" అని మొక్కేసింది. కోడల్ని అడిగిందా? అడగలేదు. వాడు లేచాడు, దుక్కికి కూడా పోయాడు. ఘటమంటే తెలుసుగా, పసుపు చీర కట్టి, వేపాకు వేసిన పసుపు నీళ్ల కుండ నెత్తిన పెట్టుకోవాలి. గుడి గడపలో దించేదాకా కింద పెట్టకూడదు, నోరు విప్పకూడదు. ఒక్క మాట జారిందో, మొక్కు చెల్లదు, లేచినవాడు మళ్లీ మంచమెక్కుతాడు. "ఇది నోరు మూసుకుని నడవడం నేను కళ్లారా చూడాలే, నేనూ వస్తాను" అన్నాడంట మొగుడు. "నోర్మూసుకుని నీడపట్టున ఉండు, దానికి కాపలా నేనెళ్తాను" అంది అసిరమ్మ. ఆవిడ కళ్లకి శుక్లాలు. మొహాలు ఆనవు, రంగులు మాత్రం తెలుస్తాయి. అదీ కాపలా అనుకోండి!

సరే, తీర్థం రెండో రోజు, ఆదివారం, మిట్టమధ్యాహ్నం ఎర్నమ్మ గుడున్న గరివిపేట చేరారు. సంత ఊరు, పైగా తీర్థం, ఇసకేస్తే రాలని జనం. గాజుల బళ్లు, బెల్లం జీళ్లు, ముంజలు, నేలంతా నిప్పులు. ఊరి మొదట్లో బావి దగ్గర ఘటం ఎత్తబోతూ దాలమ్మ, "అత్తా, నా కొంగు పట్టుకో, తప్పిపోతావు" అంది. "నేనేటే, చంటిదాన్నా? ఇంత పసుప్పచ్చగా ఉన్నావు, ఆ మాత్రం కనపడవా?" అని గొడుగు విప్పుకుంది అసిరమ్మ. ఘటం లేచింది, డప్పులు మోగాయి, జనం దాని కాళ్ల మీద నీళ్లు పోస్తన్నారు, బాగానే నడుస్తంది. ఉల్లిపాయల బజారు దగ్గరికొచ్చేసరికి ఎవరో ఆడమనిషి, తన ఘటం దించేసి, ఖాళీ చేతులతో ఊరికి పోతా అడ్డంగా వెళ్లింది. ఆవిడదీ పసుపు చీరే. ఆ రోజున ఊళ్లో సగం మందివి పసుపు చీరలే కదా, ఆ సంగతి అసిరమ్మకి తట్టలేదు. ఆ చీర వెనకాలే నల్లగొడుగు వేసుకుని తిన్నగా బస్టాండు వైపు పోయింది.

దాలమ్మ చూసింది. కుండతో తల తిప్పలేదు కాబట్టి ఒళ్లంతా తిప్పి చూసింది. గొడుగు బస్సు మెట్లెక్కుతంది! "అత్తా" అనే మాట పళ్ల దాకా వచ్చింది. అరిస్తే మొగుడు గుర్తొస్తన్నాడు. అరవకపోతే ఈ ముసిల్ది ఎక్కడ తేలుద్దో, చూపు లేదు, ఊరు కాని ఊరు. సైగ చేద్దామంటే రెండు చేతులూ కుండ మీదే. ఏం చేసింది? పళ్లు బిగబట్టి బస్టాండు వైపు తిరిగింది. "అమ్మా, గుడి ఇటు, ఇటు!" అని డప్పు గవరయ్య మొత్తుకున్నాడు. వింటేగా! మరి డప్పు ఘటం వెనకాల నడవాలే గాని ముందు నడవకూడదు. "తల్లి అటెళ్తానంటంది రా" అని ఆయనా తిరిగాడు. ఆయన తిరిగితే వెనకాలున్న ఘటాలన్నీ తిరిగాయి. తీర్థం తీర్థమంతా బస్టాండులోకి దిగిపోయింది.

బస్సు కదలబోతంది. దాలమ్మ వెళ్లి ముందు నిలబడింది. డ్రైవరు ఇంజనాపి, చెప్పులు విడిచి దణ్ణం పెట్టాడు. "ఏటి బాబూ, టైమైపోతంటే!" అని కండక్టరు అరిస్తే, "ఘటం నిలబడితే పోనిమ్మంటావా? నువ్వొచ్చి తోలు!" అన్నాడంట. లోపలున్నోళ్లంతా బిలబిలా దిగి సీసాల్లో నీళ్లు దాని కాళ్ల మీద పోస్తన్నారు. అసిరమ్మా దిగింది. "ఏ ఊరి ఘటమమ్మా?" అనుకుంటా పక్కామె దగ్గర సీసా లాక్కుని, నీళ్లు పోసి, వంగి పాదాలు తడిమింది. తడిమితే బొటనవేలి మీద మచ్చ తగిలింది. కోతల్లో కొడవలి తగిలి తెగితే, తను రోజూ పసుపద్దిన వేలు! తెలీకుండా ఉంటదా? "ఒలమ్మో, ఇది మా కోడలి కాలే! మరి బస్సులో ఉన్నదెవర్తే?"

జనం గొల్లుమన్నారు. దాలమ్మకి కళ్లంట నీళ్లు కారిపోతన్నాయి, నోరు మాత్రం విప్పలేదు. అసిరమ్మ లేచి కోడలి కొంగు చుట్టుకుని మరీ పట్టుకుంది, గుడి దాకా వదల్లేదు. ఘటం గడపలో దిగింది. దిగీ దిగ్గానే, "ఆ బస్సు ఎక్కడికెళ్తందో తెలుసా నీకు?" అని దాలమ్మ పెట్టిన కేకకి పూజారి చేతిలో హారతి ఒణికిందంట. "నువ్వెక్కావు, నేనెక్కాను. నాకేటి తెలుసు?" అంది అసిరమ్మ. ఇంటి దాకా కోడలు తిడతానే ఉంది, అత్త కొంగు పట్టుకుని ఊ కొడతానే ఉంది. పొలిమేర అవతల ఆ గొంతు వినపడగానే మొగుడు, "అమ్మయ్య, ఇద్దరూ వచ్చేస్తన్నారు" అని పొయ్యి మీద ఎసరు పెట్టాడంట.

మరుసటేడు నుంచి గరివిపేటలో ఘటాలన్నీ ముందు బస్టాండుకెళ్లి, ఆనక గుడికి పోతన్నాయి. ఎందుకండీ అంటే, తల్లికి ప్రయాణాలంటే ఇష్టం అంటాడు పూజారి. తల్లి సంగతేమో గాని, ఆ మండుటెండలో అంత చుట్టు తిరిగే ఆడాళ్లు మాత్రం దాలమ్మని తిట్టుకుంటానే నడుస్తారు. నోరు విప్పకూడదు కదా, అంతా లోపల్లోపలే.