పెన్నను కాగబెట్టిన ఆటబండి

ప్రొద్దుటూరులో జమ్మలమడుగు రోడ్డు పక్కన ఇనాయతుల్లా టీకొట్టు. పొద్దున పదింటికి అఫ్సానా ఒక రిమోట్ కారు పట్టుకొని అక్కడికొచ్చింది. ఆమె పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెబుతుంది. దాన్ని ఆమె దగ్గర చదివే ఆడపిల్లలు ఏడాదిపాటు కష్టపడి తయారుచేశారు. మధ్యాహ్నం రెండింటికి జమ్మలమడుగులో పందెం. ఆడపిల్లల జట్టు పోవడం ఇదే మొదలు. తీరా చూస్తే, ఐదు నిమిషాలు తిరిగేసరికి వెనక డిఫరెన్షియల్ చెయ్యి పెట్టలేనంత కాలిపోతోంది. ట్రాక్టర్ మెకానిక్ రామాంజులును అడగమని ఎవరో చెప్పారు.

రామాంజులు బెంచీ మీదే ఉన్నాడు. పక్కన కుట్టుమిషన్లు బాగుచేసే అమీర్ బాషా టీ తాగుతున్నాడు. అఫ్సానా ఇంకా వేడి తగ్గని కారును అమీర్ బాషా చేతుల్లో పెట్టి, స్టూలు లాక్కొని, రామాంజులుకు సంగతి చెప్పింది.

"ఇంతేనా మేడం? పోయిన ఎండాకాలం పులివెందులలో మా బామ్మర్ది అవినాష్ బండికి ఇదే రోగం. పెండ్లయినోడే గానీ ఆటబండ్లంటే పిచ్చి వానికి. డిఫరెన్షియల్ అంటే ఏముందిలే, మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం తక్కువ, బయటి చక్రం ఎక్కువ తిరగాల గదా, ఆ పంపకం చేసే పండ్లచక్రాల డబ్బా. నేను పోయి దాన్ని విప్పి, పాత గ్రీజు తుడిసి కొత్తది పెట్టినా. పది నిమిషాల పని."

"తగ్గిందా వేడి?" అఫ్సానా ముందుకు వంగింది.

"తగ్గితే నీకెందుకు చెప్తా? ఇంకా ఎక్కువాయ. ఎంత కాలిందో చూద్దామని బొటనేలు పెడితే, యేలిముద్ర ఊడిపోయి డబ్బా మీద అచ్చుపడె. ఇప్పుడు రేషన్ షాపు మిషను నా యేలు తీసుకోదు. ఆ బండిని మోసకపోయి పెడితేనే బియ్యమిస్తారు."

టీకొట్టులో ఇద్దరు ముగ్గురు దగ్గరికి జరిగారు. అమీర్ బాషా చక్రాన్ని వేలితో తిప్పి, మళ్లీ తిప్పి, జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీశాడు. అఫ్సానా అటు ఒకసారి చూసి, మళ్లీ రామాంజులు వైపు తిరిగింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? అవినాష్ దాన్ని ఊరి బయట రోడ్డు మీద ఇడిసినాడు. అది పోతాంటే ఎనక తారు కరిగి కాలవ కడతాండె. తుమ్మలపల్లె కాడికి పోయేసరికి మైను ఆఫీసర్లు మీటర్లు పట్టుకొని పరిగెత్తుకొచ్చిరి, మా యురేనియం ఎవరో ఎత్తకపోతాండారని. నేనే అడ్డం నిలబడి, సార్, ఇది మీ సరుకు గాదు, ఉత్త డిఫరెన్షియల్ అని నచ్చజెప్పి పంపిస్తి."

ఎన్ని డిగ్రీలుందని అఫ్సానా అడిగింది. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"డిగ్రీలా? మీటరే కరిగిపాయ, ఇంగ యాడ చూసేది. ఇట్ల గాదని దాన్ని నాపబండ మీద పెట్టుకొని పోయి జమ్మలమడుగు కాడ పెన్నలో పడేస్తి. అప్పుడు పెన్న రెండు గట్లూ ఒరుసుకొని పారతాండె. బుసబుసా పొంగె. చాపలు ఉడికి వాటంతట అవే ఒడ్డుకొచ్చె. ఆ పొద్దు ఊర్లో ఎవురూ పొయ్యి ముట్టీలే. మూడు దినాలకు ఏరంతా ఆవిరైపాయ. వానల్లేక ఎండిందని జనం అనుకుంటాండారు పాపం. నేను నోరు ఇప్పలా."

"మరి కారు?" అన్నాడు ఇనాయతుల్లా, పాలు పొంగుతున్నా చూడకుండా.

"శానా చల్లబడె. మా బామ్మర్ది ఇంట్లో ఫ్రిజ్జు అమ్మేసినారు. పాలగిన్నె దాని మీదే పెడతారు."

అఫ్సానా స్టూలు ఇంకా ముందుకు జరుపుకుంది. నీళ్లలో వేస్తే అప్పటికి చల్లారుతుంది గానీ మళ్లీ తిరిగితే మళ్లీ కాలాలి కదా అంది. "అసలు కారణం ఏందన్నా?"

రామాంజులు గొంతు సవరించుకొని ఇంకో టీ చెప్పాడు. అది చెప్పాలంటే మొదటి నుంచీ రావాలన్నాడు.

అంతలో అమీర్ బాషా చివరి స్క్రూ బిగించి కారును నేల మీద పెట్టాడు. అరచెయ్యి చాపి, కాగితమంత పలచటి వాషరొకటి చూపించాడు.

"ఇది ఒకటి ఎక్కువేసినారు బేటీ. పండ్లు ఒకదాన్నొకటి ఒత్తుకొని రాసుకుంటాండె. రోంత గ్రీజు కూడా పెట్టినా. తిప్పి చూడు."

అఫ్సానా టీకొట్టు ముందు ఖాళీ జాగాలో పావుగంట తిప్పింది. దుమ్ములో మోకాళ్ల మీద కూర్చొని డబ్బా మీద వేలు పెట్టింది. తీయలేదు. గోరువెచ్చగా ఉంది, అంతే. అట్లాగే కూర్చొని పిల్లలకు ఫోన్ చేసి, బస్టాండుకు రమ్మని చెప్పింది.

"చూసినారా?" అన్నాడు రామాంజులు అందరి వైపూ తిరిగి. "నా పక్కన కూర్చొని, నేను చెప్పేది ఇన్యాడు కాబట్టే అమీర్ బాషా చేయగలిగినాడు."

అందరూ అమీర్ బాషా వైపు చూశారు. ఎందుకు చూస్తున్నారో ఆయనకు అర్థం కాలేదు. చెవి తాకి చూపించాడు.

"చెవి మిషను రిపేరుకిచ్చి నాలుగు దినాలాయ. రామాంజులు ఇందాకట్నుంచీ ఏందో చెప్తానే ఉండాడు. పనికొచ్చే మాట ఏమన్నా చెప్పినాడా బేటీ?"

అఫ్సానా రామాంజులు వైపు ఒకసారి చూసింది. తర్వాత అమీర్ బాషాకు బాగా కనబడేట్టు, లేదని తల అడ్డంగా ఊపింది.