నాంపల్లి పట్టాలకు తుప్పు పట్టనియ్యని వేరు

మామ కోతలు వినడానికి కాదు, ఆ కోతల్లో తన పేరు వినడానికే విమల రోజూ సాయంత్రం దుకాణంలో కాచుకుని కూచునేది. ఈ సంగతి ఆమె ఎవరి దగ్గరా పైకి అనలేదు. బడి మధ్యలోనే ఆగిపోయిన పిల్ల. ఆబిడ్స్‌లో ఒక కాలేజీ ల్యాబులో గాజుసామాను కడుగుతూ, విద్యార్థులు వదిలేసిన పుస్తకాలు ఏరుకుని, కంటికి కనబడని పురుగుల శాస్త్రం తనంతట తానే నేర్చుకుంది. ఆ చదువును చదువని ఒప్పుకున్నవాడు లోకంలో మేనమామ ఇంద్రసేన ఒక్కడే. నాంపల్లి స్టేషన్ ఎదుటి గల్లీలో మూలికల దుకాణం ఆయనది.

ఆ వేళ కూడా దుకాణం అరుగు నిండింది. పక్క హోటల్ నుంచి చాయ్ వచ్చింది. రైల్వే క్లర్కు అంజయ్య సాసర్లో పోసుకుని ఊదుకుంటున్నాడు. స్టేషన్ కూలీ మొగులయ్య మాత్రం కప్పు ముట్టలేదు. భార్య యాదవ్వ కాలికి మేకు దిగి చీము పట్టిందనీ, ఒళ్లు కాలిపోతోందనీ, దవాఖానలో చేర్చమన్నారనీ, కాలు కోస్తారేమోనని ఆమె ఒకటే ఏడుపనీ చెప్పుకున్నాడు.

"కోసుడెందుకు మొగులయ్యా?" ఇంద్రసేన మీసం సవరించుకున్నాడు. "మా విమల ఏం చేసిందో చెప్త, విను. సుగంధిపాల వేరు దంచి స్పిరిట్ల నానబెట్టింది. ల్యాబుల గాజు పళ్లెంల జెల్లీ పోసి, దాని మీద చీము పట్టించే పురుగులను పెంచుతరు. నా బిడ్డ చిన్న కాగితం బిళ్లను గా రసంల ముంచి నడుమ పెట్టింది. తెల్లారి చూస్తే బిళ్ల చుట్టూ సాఫ్, ఒక్క పురుగు లేదు."

అంతవరకు జరిగిందే. విమల మెడ కాస్త నిటారైంది.

"ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? మిగిలిన రసం మోరీల పారబోసినం. అది పోయి మూసీల కలిసింది. గా యేడు కలరా గౌలిగూడల బస్సు దిగిందా, మూసీ దిక్కుకెల్లి గాలి కొట్టిందా, ఎనకకు తిరిగి గదే బస్సు ఎక్కి పోయింది."

"సీటు దొరికిందా అన్నా?" అన్నాడు అంజయ్య.

"నిలవడి పోయింది. నువ్వు నడుమ మాట్లాడకు. పురుగును చంపుడొక్కటే కాదు దాని గుణం. గాలి తగిలి పాడయ్యేదాన్ని పాడు గానియ్యది. కోసిన వంకాయకు రాస్తే నల్లబడలే. గట్లైతే ఇనుముకు మాత్రం తుప్పెందుకు పట్టాలె అని, ఓ డబ్బా రసం తీస్కపోయి నాంపల్లి పట్టాలకు రాసిన. అద్దాల లెక్క అయినయి. డ్రైవర్లు ఇంజన్ ఆపి, వంగి, పట్టాలల్ల మొకం చూసుకుంట గడ్డం గీసుకుంటున్నరు. బొంబాయి బండి రోజూ లేటెందుకు అనుకున్నవ్ మరి?"

అంజయ్యకు చాయ్ పొలమారింది. తమ ఆఫీసులో ఆ తప్పంతా సిగ్నల్ మీద తోస్తున్నారని ఒప్పుకున్నాడు.

"ఇనుము సంగతి పక్కకు పెట్టు. ఉస్మాన్‌గంజ్ల ఒక ముసలి షావుకారు, నోట్లె పన్ను లేదు. ఓ చెంచా తాగిండు. ఒంటికి పట్టిన తుప్పంత దిగింది. ఎంట్రుకలు నల్లబడ్డయి, మీసం మాయమైంది, పాలపండ్లు మొలిచినయి. మనుమడే చెయ్యి పట్టి బడికి తోల్కపోయిండు. ఇద్దరిని ఒక్క బల్ల మీదనే కూసోబెట్టిన్రు. ఇంకో చెంచా అడిగితే నేనే ఇయ్యలే. తాగినంక తొట్లెల ఏసి ఊపేదెవరు?"

అరుగంతా నవ్వులు. ఇంద్రసేన గొంతు ఇంకా పెంచాడు. "డిగ్రీ లేదు, ఏం లేదు. నా మేనకోడలు. ఖైరతాబాద్ పెద్ద డాక్టర్లు గీ అరుగు ముందు లైన్ కడ్తరు, చూస్తుండు."

విమల కూడా నవ్వేదే. కానీ మొగులయ్య నవ్వడం లేదు. భుజం మీది తువ్వాలు తీసి ఒళ్లో పరుచుకుంటున్నాడు.

"జర గా వేరు కట్టియ్యి సేటు. రేపు చేర్పిస్తనని దవాఖానల చెప్పొచ్చిన. ఇగ పోను."

ఇంద్రసేన చెయ్యి అప్పటికే వేర్ల గోతాంలో ఉంది. విమల లేచి నిలబడింది.

"మామా, రెండో పళ్లెం సంగతి చెప్పలే నువ్వు."

"అదిప్పుడెందుకు బిడ్డా?"

"దాంట్ల ఒట్టి స్పిరిట్ల ముంచిన బిళ్ల పెట్టిన. వేరు లేదు, ఏం లేదు. దాని చుట్టు కూడా గంతే సాఫయింది. మన రసానికి చచ్చినయో, స్పిరిట్‌కు చచ్చినయో నాకే తెల్వది." మొగులయ్య వైపు తిరిగింది. "పళ్లెంల చచ్చిన పురుగు కాలు లోపల చస్తదని అస్సలే తెల్వది. యాదవ్వను ఇయ్యాల్నే చేర్పించు అన్నా."

ఎవరూ నవ్వలేదు. అంజయ్య సాసర్ కింద పెట్టేశాడు. ఇంద్రసేన గోతాంలోంచి చెయ్యి బయటికి తీసి, అంటిన మట్టి పంచెకు తుడుచుకున్నాడు. ముఖం చిన్నబోయింది. అయినా అదే గర్వంతో, కాకపోతే చిన్న గొంతుతో అన్నాడు:

"చూసిన్రా? నా బిడ్డ రెండో పళ్లెం కూడా పెట్టింది."

మొగులయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. రేపు చేరతామన్నవాళ్లకు ఈ రాత్రే మంచం ఇస్తారా అన్నది అతని దిగులు. ఆ దవాఖాన ఆడవాళ్ల వార్డులో నర్సు నాగరత్నం విమలకు చిన్ననాటి స్నేహితురాలు. మీ మామ మాటలు నమ్మి ఎవరో ఒకరు ప్రాణం మీదికి తెచ్చుకుంటారని ఒకనాడు మొహం మీదే అన్నందుకు, విమల ఆమెతో మాటలు మానేసింది. తప్పు తనదని తెలిసినా, తానే ముందు పలకరించడానికి మనసొప్పక ఇన్నాళ్లు జరిపింది.

"నువ్వు పోయి యాదవ్వను రిక్షా ఎక్కించు," అంది మొగులయ్యతో. "నేను నాగరత్నంకు ఫోన్ చేస్త." అరుగు దిగి, ఫోన్ ఉన్న పక్క హోటల్ వైపు నడిచింది.